డిసెంబరులో అమ్మానాన్నలతో ఎడారి చుట్టి రావాలంటే: అరిజోనాలో వారం రోజులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరుండేది న్యూజెర్సీలో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఇద్దరికీ అరవై దాటాయి, మోకాళ్లు అంతంతమాత్రం. ఐదేళ్ల పాప ఉంది. డిసెంబరు 20 నుంచి వారం సెలవు. లాస్ వేగస్‌లో దిగి యూటాలోని జయాన్, బ్రైస్ పార్కులు, యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్, సెడోనా చుట్టేసి మళ్లీ వేగస్ చేరుకోవాలని మీ ఆలోచన. "ఎడారే కదా, చలి అంతగా ఉండదేమో? ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోవాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ఆ రూటు డిసెంబరులో వద్దు. వేగస్ బదులు ఫీనిక్స్‌లో దిగండి. గ్రాండ్ కాన్యన్‌కి రెండు రోజులివ్వండి. మిగతా రోజులు దక్షిణాన టూసాన్, బిస్బీ వైపు గడపండి. వీటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఇప్పుడే ఖాయం చేయకండి. బయల్దేరడానికి మూడు రోజుల ముందు వాతావరణం చూసి తేల్చుకోండి. హోటళ్లన్నీ క్యాన్సిల్ చేసుకునే వీలున్నవే బుక్ చేయండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే.

నేనుండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఇక్కడ సగం అపార్ట్‌మెంట్లలో మనవాళ్లే కాబట్టి చలికాలం వచ్చిందంటే ఎవరో ఒకరి అమ్మానాన్నలను వెంటబెట్టుకుని తిరగడం మాకు అలవాటే. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మీ రూటుతో ఇబ్బంది ఏమిటో చెప్పాలి. ఎడారి అనగానే మనకు రాజస్థాన్ ఇసుక, ఎండ గుర్తొస్తాయి. ఇక్కడి ఎడారి ఒకే మట్టంలో ఉండదు, మెట్లుమెట్లుగా పైకి లేస్తుంది. ఫీనిక్స్ సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తున ఉంది. టూసాన్ 2,400. జయాన్ లోయ అడుగు 4,000, సెడోనా 4,300. ఫ్లాగ్‌స్టాఫ్, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు ఇంచుమించు 7,000. బ్రైస్ అయితే 8,000 పైమాటే. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నాలుగు డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుందని లెక్క వేసుకోండి. అంటే డిసెంబరు మధ్యాహ్నం టూసాన్‌లో మీ నాన్నగారు చొక్కాతో తిరిగే వేళకి, అదే రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ దగ్గర 40 డిగ్రీలు, అంటే మన లెక్కలో నాలుగైదు సెల్సియస్ ఉంటుంది. రాత్రికి గడ్డకట్టే స్థాయి కంటే బాగా కిందికి పోతుంది. బ్రైస్‌లో రాత్రి చలి న్యూజెర్సీ జనవరిని మరిపిస్తుంది. చలికాలంలో ఇక్కడ మ్యాపులో ముందు చూడాల్సింది ఎత్తు, ఆ తర్వాతే దూరం. మీ జాబితాలో ఉన్నవన్నీ నాలుగు వేల అడుగుల పైనే ఉన్నాయి. ఎడారి వెచ్చగా ఉండే చోటు ఒక్కటీ లేదు.

రెండోది వెలుతురు. డిసెంబరు చివర గ్రాండ్ కాన్యన్‌లో ఉదయం ఏడున్నరకు తెల్లవారుతుంది, సాయంత్రం ఐదుంపావుకల్లా పొద్దు గూకుతుంది. చేతికొచ్చే పగలు పది గంటల లోపే. పాపకు పాలు పట్టి, అమ్మగారి పూజ అయ్యి, అందరూ బండెక్కేసరికి తొమ్మిదిన్నర. ఇక జయాన్ నుంచి బ్రైస్, బ్రైస్ నుంచి పేజ్ (యాంటిలోప్ కాన్యన్ పక్కనున్న ఊరు), పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ అంటూ రోజుకు మూడు నాలుగు గంటలు బండిలోనే పోతే చూసేదెప్పుడు? కాళ్లకు బలపం కట్టుకుని తిరిగినట్టే అవుతుంది. పైగా చీకటి పడ్డాక ఆ రోడ్ల మీద నడపడం నాకు నచ్చదు. వీధి దీపాలుండవు. గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లే 64వ నంబరు రోడ్డు మీద సంధ్యవేళ ఎల్క్‌లు అడ్డం వస్తాయి. మన కణుజు కంటే పెద్ద జంతువు అది. గుద్దితే దానికీ, బండికీ, లోపలున్నవాళ్లకీ మంచిది కాదు.

నిజం చెప్పాలంటే మైళ్లు లెక్కేస్తే మీ ప్లానుకూ నా ప్లానుకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా లేదు. తేడా అంతా ఎక్కడ పడుకుంటారు, ఎంత ఎత్తున నడుపుతారు అన్న చోటే. మీ లెక్కలో దాదాపు రోజుకో హోటల్. పెద్దవాళ్లను రోజూ సూట్‌కేసులు సర్దమనడం ఎంత విసుగో వాళ్లు నోరు తెరిచి చెప్పరు, మనమే గమనించాలి.

మీ జాబితాలో ఒక్కొక్కటీ ఎందుకు వదిలేయమంటున్నానో గబగబా చెబుతాను. యాంటిలోప్ కాన్యన్ ఫొటోల్లో పైనుంచి స్తంభంలా దిగే వెలుగు మార్చి నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకానే కనిపిస్తుంది. చలికాలంలో సూర్యుడు అంత పైకి రాడు. లోయ అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడి నావహో ఆదివాసీ గైడ్లతో టూరు బుక్ చేసుకుంటే తప్ప లోపలికి పోనివ్వరు. దానికోసమే పేజ్ దాకా వెళ్లడం ఈ వారంలో దండగ. మాన్యుమెంట్ వ్యాలీ నావహో జాతివాళ్ల సొంత పార్కు, మీ జాతీయ పార్కుల పాస్ అక్కడ చెల్లదు. బండి మీద తిరిగే 17 మైళ్ల దారి మట్టిరోడ్డు, వాన పడితే బురద. బ్రైస్ మంచులో అద్భుతం, కానీ అది కుర్రాళ్ల సరదా. జయాన్‌కి వసంతంలో వెళ్లండి. సెడోనా క్రిస్మస్ వారంలో ట్రాఫిక్‌తో కిటకిటలాడుతుంది. గ్రాండ్ కాన్యన్ నుంచి తిరిగొచ్చే దారిలో ఓపికుంటే ఓ గంట ఆగొచ్చు. కాకపోతే ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఓక్ క్రీక్ కాన్యన్ మీదుగా దిగే మెలికల దారిలో మాత్రం మంచు పడినప్పుడు వెళ్లొద్దు. ఐ-17 హైవే మీద దిగి, పక్క దారిలో సెడోనాకి రండి.

గ్రాండ్ కాన్యన్ మాత్రం వదలమనను. అంతదూరం నుంచి వచ్చిన పెద్దవాళ్లకు అది చూపించకుండా పంపితే ఊళ్లో అందరూ అడిగే మొదటి ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుండదు. ఫీనిక్స్ నుంచి 230 మైళ్లు, మూడున్నర గంటలు. అందులో ఐ-17 ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి ఆరు వేల అడుగులు ఎక్కిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఏటా దాదాపు వంద అంగుళాల మంచు పడుతుంది. తుపాను వచ్చిన రోజు ఆ రోడ్డు గంటల తరబడి మూసేస్తారు. మంచి సంగతేమిటంటే ఇక్కడ తుపాన్లు పసిఫిక్ నుంచి వచ్చి ఒకటి రెండు రోజుల్లో దాటిపోతాయి. ఆ మర్నాడు రోడ్లు శుభ్రం చేశాక ఆకాశం కడిగినట్టుంటుంది. ఎర్రటి రాతి అంచుల మీద తెల్లటి మంచు, కింద లోయలో మంచు చుక్క ఉండదు. ఏడాది మొత్తంలో గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి అంతకు మించిన రోజు లేదని నా అభిప్రాయం. అందుకే ఆ రెండు రోజులు వారంలో ఎటైనా జరిపే వీలు పెట్టుకోమంటున్నాను. 20, 21 తేదీల్లో తుపాను ఉందంటే ముందు దక్షిణానికి పొండి, చివర్లో పైకెక్కండి. లేదంటే ముందే ఎక్కి దిగేయండి. అరిజోనా రవాణా శాఖ వాళ్ల ఏజెడ్ 511 ఆప్ ఫోన్లో పెట్టుకోండి, రోడ్డు మూసిందో తెరిచిందో అందులో తెలుస్తుంది.

చలికాలంలో ఒక లాభం చాలామందికి తెలియదు. దక్షిణపు అంచు మీద పడమటివైపు వెళ్లే హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబరు దాకా సొంత బండ్లను రానివ్వరు, బస్సే ఎక్కాలి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం మీ బండిలోనే ఏడు మైళ్లూ వెళ్లొచ్చు. హోపీ పాయింట్ దగ్గర పార్కు చేసి, హీటరు వేసుకుని కూర్చుని, పొద్దు వాలే వేళకు ఓ పది నిమిషాలు బయటికొస్తే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి. ఇంకోటి యావపై జియాలజీ మ్యూజియం. 1928లో కట్టిన చిన్న రాతి భవనం. పెద్ద అద్దాల కిటికీల వెనక వెచ్చగా నిలబడి లోయంతా చూడొచ్చు. మా అత్తగారు బయట గాలికి రెండు నిమిషాలు నిలవలేక లోపలికొచ్చి, ఆ కిటికీ దగ్గర బెంచీ మీద ఓ గంట కదలకుండా కూర్చున్నారు. మేం మిగతా పాయింట్లన్నీ చూసి వచ్చేసరికి, అప్పుడే ఎండ మారి కింద కొలరాడో నది ముక్క ఎక్కడ మెరిసిందో వేలు పెట్టి చూపించారు.

మాథర్ పాయింట్ దగ్గర జాగ్రత్త. వేలమంది తొక్కీ తొక్కీ మంచు అద్దంలా గట్టిపడి ఉంటుంది. రెయిలింగ్ ఉన్నా, అక్కడికి చేరే ఏటవాలు దారిలోనే జారుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ షూస్ అడుగున అరిగిపోయి ఉంటాయి చూడండి. షూ మీద తొడుక్కునే ముళ్ల పట్టీలు, మైక్రోస్పైక్స్ అంటారు, పెద్దవాళ్లిద్దరికీ కొనండి. అవి లేకపోతే లోయలోకి వెళ్లే బ్రైట్ ఏంజెల్ కాలిబాటలో దిగడం అన్న మాటే ఎత్తొద్దు.

రాత్రికి పార్కు గేటు బయట టుసాయాన్‌లో ఉండండి. లోపలి లాడ్జీలు అందంగానే ఉంటాయి కానీ పార్కుకి నీళ్లు తెచ్చే పైపులైను పాతది. 2024 ఆగస్టులో అది పగిలితే పార్కు లోపల రాత్రి బసలన్నీ కొన్ని రోజులు ఆపేశారు, టుసాయాన్ హోటళ్లు మాత్రం నడిచాయి. ఉత్తరపు అంచు సంగతి ఎవరైనా చెబితే పట్టించుకోకండి, చలికాలంలో అటు రోడ్డే మూసేస్తారు. మర్నాడు పొద్దున తూర్పువైపు డెజర్ట్ వ్యూ దారిలో 25 మైళ్లు, చివర 1932లో కట్టిన రాతి బురుజు. అక్కణ్ణుంచి కామెరాన్, ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా కిందికి దిగిపోండి. చీకటి పడేలోపు ఫ్లాగ్‌స్టాఫ్ దాటాలన్నదే షరతు.

ఇక డబ్బు మాట. ఇది కొత్త సంగతి, చాలామంది పాత లెక్కల్లోనే ఉన్నారు. 2026 జనవరి 1 నుంచి విదేశీ సందర్శకులకు 11 పెద్ద పార్కుల్లో మామూలు టికెట్టు మీద తలకి 100 డాలర్లు అదనం పెట్టారు, 16 ఏళ్లు నిండినవాళ్లకి. మీ జాబితాలోని గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ మూడూ అందులో ఉన్నాయి. ఇక్కడ నివాసముండే మీకు వార్షిక పాస్ 80 డాలర్లయితే, విజిట్ వీసా మీద వచ్చిన మీ అమ్మానాన్నలకు 250. మీ రూటులో తిరిగితే ఆ బాదుడు మూడు చోట్ల. నా రూటులో ఒక్క గ్రాండ్ కాన్యన్ దగ్గరే. టూసాన్‌లోని సవారో జాతీయ పార్కు ఆ 11లో లేదు. వచ్చేముందు పార్క్ సర్వీసు సైటులో మీ కుటుంబానికి ఏ పాస్ లాభమో ఓసారి చూసుకోండి.

ఇప్పుడు అసలు ఎడారి. ఫీనిక్స్ నుంచి టూసాన్‌కి ఐ-10 మీద గంటా నలభై ఐదు నిమిషాలు. అమ్మగారికి గుడికి వెళ్లాలనుంటే కాస్త చుట్టూ తిరిగి మారికోపా మీదుగా వెళ్లండి, అక్కడ మహాగణపతి గుడి ఉంది. బయల్దేరేటప్పుడు గుడి వేళలు చూసుకోండి.

టూసాన్‌కి అటూ ఇటూ సవారో పార్కు రెండు ముక్కలుగా ఉంది. పెద్దవాళ్లతో అయితే తూర్పు ముక్కే మేలు. ఎనిమిది మైళ్ల తారురోడ్డు గుండ్రంగా తిప్పి తెస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. సవారో అంటే చేతులెత్తి నిలబడ్డ మనిషిలా ఉండే ఆ పెద్ద కాక్టస్. లోకంలో ఈ సొనోరన్ ఎడారిలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. మొలిచిన మొదటి ఎనిమిదేళ్లలో అది ఒకటి ఒకటిన్నర అంగుళాలే పెరుగుతుంది. మొదటి చెయ్యి రావడానికి యాభై నుంచి డెబ్బై ఐదేళ్లు పడుతుంది. ఈ మాట చెప్పి మీ నాన్నగారిని చేతులున్న ఓ చెట్టు పక్కన నిలబెట్టండి, ఇది మీకంటే పెద్దది నాన్నా అని. సాయంత్రం పడమటివైపు గేట్స్ పాస్ దగ్గర సూర్యాస్తమయం. టూసాన్‌లో డిసెంబరు చివర పొద్దు ఐదూ ఇరవైకి గూకుతుంది, నాలుగున్నరకే వెళ్తే గానీ పార్కింగు దొరకదు.

పాపతో ఓ హెచ్చరిక. చోయా అని ఇంకో కాక్టస్ ఉంటుంది, ఎండలో బొచ్చుబొమ్మలా మెత్తగా కనిపిస్తుంది. ముట్టుకుందామా అనిపిస్తుంది. రాసుకుంటే చాలు, ముల్లుకాయ మొత్తం ఊడొచ్చి ప్యాంటుకో చేతికో పట్టేసుకుంటుంది. రెండో చేత్తో పీకబోతే ఆ చేతికీ అంటుకుంటుంది. జేబులో పెద్ద పళ్ల దువ్వెన ఒకటి పెట్టుకోండి. ముల్లుకాయకీ చర్మానికీ మధ్య దువ్వెన పళ్లు దూర్చి ఒక్క ఊపున అవతలికి విసరాలి. మిగిలిన ముళ్లకు ట్వీజర్. ఇక్కడ హైకింగు చేసేవాళ్ల సంచిలో దువ్వెన లేకపోవడమంటూ ఉండదు.

టూసాన్‌లో రెండు రాత్రులుండండి. ఓ పూట అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియం. పేరుకి మ్యూజియం కానీ సగం జూ, సగం తోట, ఎక్కువ ఆరుబయటే. పాపకి బాగా పొద్దుపోతుంది. ఊరికి దక్షిణాన శాన్ జేవియర్ డెల్ బాక్ అని తెల్లటి చర్చి, 1783-97 మధ్య స్పానిష్ కాలంలో కట్టింది, తొహోనో ఓఓధమ్ ఆదివాసీల నేల మీద ఉంది. లోపల గోడల మీద చిత్రాలు చూడండి. ముందు ఆవరణలో ఫ్రై బ్రెడ్ అమ్ముతారు, మన పూరీకి పెద్దన్న.

పాపకి మంచు కావాలంటే మౌంట్ లెమన్ ఉంది. టూసాన్ అంచు నుంచి 27 మైళ్ల ఘాట్ రోడ్డు, కొండ శిఖరం 9,157 అడుగులు. కాక్టస్ దగ్గర మొదలై గంటలో పైన్ చెట్ల మంచులో తేలతారు. పైన చెప్పానే ఎత్తు లెక్క, దాన్ని కళ్లారా చూడాలంటే ఇదే చోటు. మంచు కురిసిన వెంటనే టైర్లకు చుట్టే చెయిన్లు గానీ ఫోర్ వీల్ డ్రైవ్ గానీ ఉంటేనే పైకి వదులుతారు, ఒక రోజు ఆగితే మామూలుగా తెరుస్తారు.

ఇంకో రోజు బిస్బీ. టూసాన్ నుంచి 95 మైళ్లు. 1975లో మూతపడ్డ రాగి గనుల ఊరు, కొండ వాలులో అరలు పేర్చినట్టు ఇళ్లు. క్వీన్ మైన్‌లో చిన్న రైలు మీద కూర్చోబెట్టి గని లోపలికి తీసుకెళ్తారు. లోపల ఏడాది పొడుగునా 47 డిగ్రీల ఫారెన్‌హీట్, స్వెటర్ మరవకండి. కానీ నేను బిస్బీ వెళ్లమనేది అసలు గని కోసం కాదు, దానికి ఉత్తరాన అరగంట దూరంలో ఉన్న వైట్‌వాటర్ డ్రా కోసం. ఎండిన గడ్డి మైదానంలో ఓ నీటిమడుగు. చలికాలంలో అక్కడ శాండ్‌హిల్ క్రేన్‌లు, మన సారసాల జాతి పక్షులు, ఇరవై వేలకు పైగా దిగుతాయి. తెల్లవారుతూనే మేతకు లేచిపోయి, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య గుంపులు గుంపులుగా మడుగుకి తిరిగొస్తాయి. కాబట్టి పిల్లను చీకటితో లేపక్కర్లేదు, బిస్బీలో టిఫిను చేసి తీరిగ్గా వెళ్లొచ్చు. సూళ్లూరుపేట నుంచి వచ్చిన మా పెదనాన్నగారు పులికాట్ ఫ్లెమింగోలను చిన్నప్పట్నుంచీ చూసినాయన. గ్రాండ్ కాన్యన్ దగ్గర "బానే ఉంది" అని ఊరుకున్నాయన ఈ మడుగు గట్టు మీద మాత్రం భోజనం వేళ దాటినా కదలనన్నారు. పక్షులు కనిపించకముందే అరుపులు వినిపిస్తాయి, గరగరమంటూ, చాలా ఎత్తునుంచి. ప్రవేశ రుసుము లేదు. చివర కొంత దూరం మట్టిరోడ్డు, వాన పడ్డ మర్నాడు వెళ్లొద్దు.

కాగితాల సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఇది సరిహద్దు ప్రాంతం. మెక్సికోలోకి వెళ్లకపోయినా లోపలి రోడ్ల మీదే బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులుంటాయి. బిస్బీ, దారిలోని టూంబ్‌స్టోన్ ఊరు చూసి 80వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి వస్తుంటే ఒకటి తగులుతుంది. మామూలుగా "మీరు అమెరికా పౌరులా?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు. కాదన్నాక కాగితాలు చూపమంటారు. 18 దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రాలు ఒంటిమీద ఉంచుకోవాలని ఇక్కడి చట్టమే చెబుతోంది. అమ్మానాన్నల అసలు పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, హెచ్-1బీ ఉద్యోగ వీసా అయితే మీ ఐ-797 ఆమోద పత్రం అన్నీ ఒక కవర్లో బండి ముందు అరలో పెట్టండి, డిక్కీలోని సూట్‌కేసులో కాదు. ఫోన్లో ఫొటో ఉందిలే అనుకోవద్దు, అక్కడ సిగ్నల్ కూడా ఉండకపోవచ్చు. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. యూనిఫాం చూడగానే కంగారుపడి అడగనివన్నీ చెప్పే పెద్దవాళ్లున్నారు. సరిహద్దు ఊరు నోగాలెస్‌లో అలా నడిచి మెక్సికోలోకి వెళ్లొద్దామన్న సరదా ఈ ట్రిప్పులో అస్సలు వద్దు.

గ్రాండ్ కాన్యన్ రెండు రోజులూ తుపానుకే పోయాయనుకోండి, అప్పుడేం చేయాలి? టూసాన్ నుంచి ఐ-10 మీద తూర్పుకి నాలుగు గంటలు వెళ్తే న్యూమెక్సికోలో లాస్ క్రూసెస్. అక్కణ్ణుంచి గంట లోపు వైట్ శాండ్స్. 275 చదరపు మైళ్ల తెల్లటి ఇసుక, ఇసుక అంటే జిప్సం. చేతిలోకి తీసుకుంటే చల్లగా పిండిలా ఉంటుంది. పాపకి ప్లాస్టిక్ పళ్లెంలాంటి స్లెడ్ ఒకటి పార్కు దుకాణంలో కొనివ్వండి, దిబ్బ మీంచి జారడమే పని. పెద్దవాళ్లకు ఇసుకలో దిగకుండా నడిచే చెక్క బాట ఉంది. మూడు జాగ్రత్తలు: డిసెంబరు 25న పార్కు మూసేస్తారు. పక్కనే క్షిపణి పరీక్షల స్థలం కాబట్టి పరీక్ష ఉన్న రోజు రోడ్డు మూడు గంటల దాకా ఆపేయొచ్చు. తిరిగి లాస్ క్రూసెస్ వైపు వచ్చేటప్పుడు 70వ నంబరు రోడ్డు మీద ఇంకో చెక్‌పోస్టు. అక్కణ్ణుంచి ఫీనిక్స్ దాకా వెనక్కి రావడం కంటే ముప్పావుగంట దూరంలోని ఎల్‌పాసోలో విమానం ఎక్కేయడం నయం. బండి ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో ఇస్తే అదనంగా ఎంత పడుతుందో ముందే అడగండి.

బండి గురించి అడిగారు కదా. ఈ రూటుకి ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి కాదు. ఐదుగురూ సామానూ పట్టే బండి కావాలి, అంతే. ఆల్ వీల్ డ్రైవ్ దొరికితే మంచిదే. కానీ అద్దె బండ్లకు ఉండేవి మామూలు ఆల్ సీజన్ టైర్లే. నాలుగు చక్రాలూ తిరిగితే బండి ముందుకు కదులుతుంది గానీ గడ్డకట్టిన మంచు మీద బ్రేకు పట్టదు. చాలా కంపెనీల ఒప్పందాల్లో చెయిన్లు వేయకూడదని ఉంటుంది, సంతకం పెట్టేముందు చూడండి. మంచు రోడ్డు మీద క్రూయిజ్ కంట్రోల్ తీసేయండి, వంతెనల మీద ముందే వేగం తగ్గించండి. ట్యాంకు సగానికి రాగానే నింపేయండి. ఐ-10 మీద ఎప్పుడైనా దుమ్ము తుపాను కమ్మేస్తే, చలికాలంలో అరుదే అయినా, రోడ్డు పక్కకు పూర్తిగా దిగి ఆగి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసేయాలి. లైట్లు వెలుగుతుంటే వెనకవాడు అదే దారనుకుని వచ్చి గుద్దుతాడు.

ఆరోగ్యం విషయంలో ఒక్క మాట: చలిలో దాహం వేయదు, గాలి మాత్రం ఎముకలు ఎండేంత పొడిగా ఉంటుంది. పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి కాస్త రక్తం వస్తుంది, గాభరా పడొద్దు. కొబ్బరినూనె, వ్యాజలిన్, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు. ఏడు వేల అడుగుల ఎత్తున వాళ్లిద్దరినీ గబగబా నడిపించకండి.

తిండి. చాండ్లర్‌లో మన హోటళ్లకీ కిరాణా కొట్లకీ కొదవ లేదు, మొదటి రోజే పొడులు, పచ్చళ్లు, పెరుగు, చిన్న రైస్ కుక్కరు సర్దుకోండి. దారిలో మెక్సికన్ తిండే దిక్కు. శాకాహారులైతే బీన్ బరీటో అడిగేముందు రెండు ప్రశ్నలు అడగండి: బీన్స్‌లో పందికొవ్వు వేస్తారా, అన్నం చికెన్ రసంతో వండుతారా అని. చాలా పాతకాలపు కొట్లలో రెండింటికీ జవాబు అవుననే వస్తుంది. క్రిస్మస్‌కి ఎక్కడ చూసినా కనిపించే తమాలేల (మొక్కజొన్న పిండి కుడుముల) పిండిలోనూ అంతే. 24 సాయంత్రం నుంచి 25 రాత్రి దాకా చిన్న ఊళ్లలో హోటళ్లు దాదాపు మూతే, బిస్బీ లాంటి చోట మరీను. ఆ రెండు రోజులు టూసాన్‌లోగానీ ఫీనిక్స్‌లోగానీ వంటగది ఉన్న గది పట్టండి. ఏ ఊళ్లో ఉన్నా 24 మధ్యాహ్నమే సరుకులు తెచ్చేసుకుని, బండిలో పెట్రోలు నింపి పెట్టుకోండి.